ఆరుసార్లు పరీక్ష

ఆదివారం పొద్దున ఉగ్గాని ప్లేటు ఒళ్ళో పెట్టుకోని టీవీ ముందర కూర్చుంటే మా తాత ఇంక కర్నూల్లో ఉండడు, ఉత్తర కొరియా బార్డర్లో ఉంటాడు. అవ్వ వంటింట్లో బజ్జీలు వేస్తా ఉంది, నూనె సౌండుకు సగం మాటలే వినపడతాయి ఆ యమ్మకు. నేను ఛార్జర్ కోసం పోయి ఇరుక్కున్యా.

తాత: మాటలతో అయ్యే పని కాదు మే ఇది. 2006 నుంచి 2017 లోపల ఆరుసార్లు అణు పరీక్ష, ఎవడేం చేసినాడు?

అవ్వ: అనూకు ఆరుసార్లా! ఒక్కసారన్నా పాసైందా?

తాత: పాసా! ఆరోదానికి భూకంపం లెక్కలో 6.3 వచ్చింది.

అవ్వ: నూటికా?! ఆ నంద్యాల మీ చెల్లెలు కూతురి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు చూడు, ఎంత గుట్టు!

తాత: మధ్యలో మా చెల్లెలెందుకొచ్చె?

అవ్వ: ఎప్పుడు రాలేదో చెప్పు.

తాత: నాలుగు తగిలిస్తే గానీ దారికి రారు.

అవ్వ: సిగ్గు లేదా, ఆడపిల్లను కొడతావా? మేడ మెట్లెక్కేదానికే అరగంట నీకు, నంద్యాలకు పోయి కొడతాడంట.

తాత: కొట్టేది గూడ సులువు కాదులే. దక్షిణ కొరియా రాజధాని సియోల్ బార్డర్ నుంచి యాభై కిలోమీటర్లే, మనకు డోన్ ఎంతో అంత. ఫిరంగులు పేలిస్తే ఊరు ఊరే పోతాది.

అవ్వ: ఇప్పుడే కొడతానంటివి, అప్పుడే భయమా. పెళ్ళైనకాడి నుంచి నీ వరసే అంత.

తాత: 1994లోనే జెనీవాలో అమెరికా వాళ్ళు, వీళ్ళు ఒప్పందం రాసుకున్యారు మే. మీరు బాంబుకు వాడే ప్లుటోనియం ఆపండి, మేం రెండు రియాక్టర్లు కట్టిస్తాం, అవి లేచేదాకా ఏడాదికి 5 లక్షల టన్నుల ఆయిలిస్తాం అని. మీరు మోసమంటే మీరు మోసమని అదీ పాయె, 2003లో వీళ్ళు అణుబాంబులు చేయకూడదనే పెద్ద ఒప్పందంలోంచే బయటికొచ్చేసిరి.

అవ్వ: 94లోనా? అప్పటికి అను పుట్టనే లేదు కదయ్యా, పుట్టకముందే 5 లక్షలకు ఒప్పందమా! మీ వంశంలో ఏమైనా చేస్తారులే. ఆ సంబంధం పోవడమే మేలు.

(ఇక్కడే నేను చెప్పేసి ఉండాల్సింది. చెప్పలే. ఇంత మజా మళ్ళీ యాడ దొరుకుతాది?)

తాత: 2018లో సింగపూర్లో ట్రంపు, కిమ్ము చేతులు గూడ కలిపినారు. మర్సటేడు హనోయ్‌లో భోజనం టేబుల్ వేసిపెట్టింటే, తినకుండానే లేచిపోయినారు.

అవ్వ: అదీ సంగతి! పెద్దమనుషులు ఎవరైతే ఏంది, అన్నం పెట్టకముందే ఇచ్చిపుచ్చుకునేది మాట్లాడితే కుదురుతాదా? కడుపు నిండినాక మాట్లాడాల. ఉండు, నేను మాట్లాడతా.

రెండేండ్లుగా నంద్యాలకు మాటల్లేవు, ఆ గొలుసు గొడవ నుంచి. అట్లాంటిది ఫోన్ కలిపేసింది.

అవ్వ: వదినా, ఆరుసార్లు తప్పితే ఏమైంది, పిల్లను మాత్రం తిట్టాకు...

అవతల్నించి ఒక కేక. అను బ్యాంకులో చేరి రెండో ఏడంట. ఎవరు చెప్పినారు, ఏ నోరు చెప్పింది అని స్పీకర్ లేకుండానే గది మొత్తం వినపడతాంది.

అవ్వ: ఇంకెవరు, మీ అన్నే.

తాత టీవీ మ్యూట్ చేసి, ఆ సందులో అవ్వ ప్లేట్లోంచి మిర్చి బజ్జి ఒకటి లాగినాడు. డాక్టర్ వద్దన్న బజ్జి. అవ్వ చూసింది. ఫోన్ వదల్లేదు, అందులోని మిరపకాయ మాత్రం పీకేసి, పిండి ఆయన చేతిలో పెట్టింది.