గెలవనివారికి ఓటెందుకు? ఓడిన అభ్యర్థిగా కొన్ని మాటలు

మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి గుర్తింపు లేని ఒక చిన్న పార్టీ తరఫున పోటీ చేసి ఓడిపోయాను. డిపాజిట్ కూడా దక్కలేదు. గెలుస్తానన్న భ్రమతో నిలబడలేదు కాబట్టి ఫలితం నన్ను కుంగదీసిందని చెప్పలేను. అయితే ప్రచారంలో ఏ గడపకు వెళ్లినా, ఫలితాలు వచ్చాక ఎవరు పలకరించినా, నాకు ఓటు వేయకపోవడానికి చెప్పిన కారణం ఒక్కటే కావడం మాత్రం మనసులోంచి పోవడం లేదు. "నువ్వు మంచిదానివేనమ్మా, చెప్పేదీ సబబుగానే ఉంది, కానీ గెలవవు కదా, మా ఓటు మురిగిపోతుంది" అని పెద్దవాళ్లు అన్నారు. నా ఈడువారు అదే సంగతిని "మీరు" అంటూ ఇంకాస్త మొహమాటంగా చెప్పారు. నన్ను కాదన్నవారి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఔనంటూనే వేయనివారి లెక్క ఏమిటో, అది ఎంతవరకు సరైనదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందే ముగించేస్తాను, ఎందుకంటే ఓడినవారు రాసేవన్నీ అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంటాయి. పంపిణీ జరిగింది, అందరికీ తెలుసు. రెండు వైపులా తీసుకున్నామని నా ముందే చెప్పినవారు ఉన్నారు. రెండు వైపులా తీసుకుని ఒక వైపే వేశారంటే, ఎవరికి వేయాలన్నది తేల్చింది డబ్బు కాదు, ఇంకేదో. పైగా పంపిణీ చేరని వీధుల్లోనూ నాకు వినిపించింది ఈ మురిగిపోయే ఓటు మాటే. "జనం అమ్ముడుపోయారు" అని మా పార్టీలోనే కొందరు పోస్టులు పెడుతున్నారు. ఆ మాట నేను అనను, అనేవారిని సమర్థించను.

ఈ లెక్క మనవాళ్లు మాత్రమే వేసేదీ కాదు. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే పద్ధతి ఉన్న చోట క్రమంగా రెండు పెద్ద పార్టీలే మిగులుతాయని ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మారిస్ దువెర్జే 1950ల మొదట్లోనే చెప్పాడు. అందుకు ఆయన చూపిన కారణాలు రెండు: చిన్న పార్టీకి పడిన ఓట్లకు తగినన్ని సీట్లు రాకపోవడం మొదటిది, అది చూసిన ఓటరు మరోసారి ఆ పార్టీ వైపు వెళ్లడానికి జంకడం రెండోది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో బహుజన్ సమాజ్ పార్టీ దేశం మొత్తం మీద 4 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని, ఓట్ల సంఖ్యలో మూడో స్థానంలో నిలిచి కూడా ఒక్క సీటైనా గెలవలేదు. 2015లో బ్రిటన్‌లో యూకే ఇండిపెండెన్స్ పార్టీకి 12.6 శాతం ఓట్లు వస్తే దక్కింది ఒకే ఒక్క సీటు. అదే ఎన్నికల్లో, ఓట్లన్నీ ఒకే ప్రాంతంలో ఉన్న స్కాటిష్ నేషనల్ పార్టీ 4.7 శాతంతోనే 56 సీట్లు గెలిచింది. ఇవన్నీ చూసిన ఓటరు జంకితే తప్పు పట్టడానికి లేదు. మా వార్డులో నేను చూసింది మాత్రం ఇంకాస్త విచిత్రంగా ఉంది. వరుసగా నాలుగిళ్ల తలుపు తడితే నలుగురూ "నాకైతే వేయాలనే ఉంది, మిగతావాళ్లు వేయరు కదా" అనేవారు. ఆ మిగతావాళ్లంటే మరెవరో కాదు, ఇప్పుడే నాకు అదే మాట చెప్పి పంపిన పక్కింటివారు.

గుర్తు విషయంలోనూ చిన్న పార్టీకి ముందే వెనుకబాటు ఉంది. గుర్తింపు పొందిన పార్టీల గుర్తులు ఏళ్ల తరబడి గోడల మీద ఉన్నవే. మాలాంటివారికి ఏ గుర్తు వస్తుందో నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక గానీ తేలదు. తేలిన నాటి నుంచి పోలింగ్ దాకా మిగిలిన ఆ కొద్ది రోజుల్లోనే కరపత్రం అచ్చు వేయించి, ఇంటింటికీ తిరిగి దాన్ని గుర్తు పెట్టించాలి. మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి అదే గుర్తు వస్తుందన్న హామీ లేదు.

ఓట్ల లెక్కింపు నాడు నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. మా ఎన్నిక బ్యాలెట్ పత్రాలతో జరిగింది. పెట్టెలు తెరిచి, మడతలు విప్పి, పాతికేసి పత్రాలను కట్టలుగా కట్టి, ఆ తర్వాత ఒక్కో పత్రాన్నీ మాకు కనిపించేలా ఎత్తి చూపించి అభ్యర్థి వారీగా ట్రేలలో వేస్తారు. సిరా ఆరకముందే మడత పెట్టడం వల్ల ముద్ర అవతలి సగం మీద అంటుకున్న పత్రాలు కొన్ని వస్తాయి. అంటుకున్న ముద్ర తిరగబడి, వెలిసినట్టు ఉంటుంది కాబట్టి అసలు ముద్ర ఏదో పోల్చుకోవడం కష్టం కాదు, అలాంటి ఓటు చెల్లుతుంది. అలాంటిదే అనుకుని ఒక పత్రం మీద మా ఏజెంట్ అభ్యంతరం లేవదీశాడు. సిబ్బంది దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. స్వస్తిక్ ముద్రలు రెండూ తిన్నగానే ఉన్నాయి, రెండూ ముదురుగానే ఉన్నాయి. ఒకటి మా గుర్తు మీద, రెండోది ఒక పెద్ద పార్టీ గుర్తు మీద. చెల్లని ఓట్లలో వేశారు. ఆ ఓటరు ముందు ఏ ముద్ర వేశారో చెప్పలేను గానీ, నాకు మొదటిది మాదేననిపించింది (ఓడిన అభ్యర్థికి అనిపించేది అదే కదా అంటే కాదనను). ముద్ర వేశాక గెలవనివారికి వేశానే అన్న బెంగ పట్టుకుని చెయ్యి రెండో గుర్తు మీదికి వెళ్లి ఉంటుంది. నాకు తెలిసి ఆ రోజు నిజంగా మురిగిపోయినవి అలాంటి ఓట్లే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పార్లమెంటుకో శాసనసభకో జరిగే ఎన్నికల్లో ప్రభుత్వం ఎవరు నడపాలన్న ప్రశ్న ఉంటుంది కాబట్టి, గెలిచే ఇద్దరిలో తక్కువ చెడ్డవారిని ఎంచుకోవడంలో అర్థం ఉంది. వార్డులో ఏ ప్రభుత్వమూ పడిపోదు, ఏ ప్రభుత్వమూ నిలబడదు. మురుగు కాలువ పూడిక, వీధి దీపం, చెత్త బండి వచ్చే వేళ, కుళాయిలో నీళ్లు వదిలే వేళ, వీటి గురించి కౌన్సిల్ సమావేశంలో లేచి గట్టిగా అడిగే మనిషి ఎవరన్నదే అక్కడి ప్రశ్న. పెద్ద పార్టీ బలం అంతగా పనికిరాని చోటు ఏదైనా ఉందంటే అది వార్డే. అందుకే ఓటు మురిగిపోతుందన్న మాట అక్కడ చెల్లదని నేను అనుకునేదాన్నని పొరబడకండి. చెల్లకూడదన్నదే నా వాదన. చెల్లుతోంది, దానికి గట్టి కారణమే ఉంది. ఆ కారణాన్ని ఒక రిటైర్డ్ ఉద్యోగి నాకు చాలా ఓపికగా విడమరచి చెప్పారు: "చూడమ్మా, నువ్వు అడుగుతావు, గట్టిగానే అడుగుతావు. కానీ నిధులు పైనుంచి రావాలి. పైన ఉన్నది వాళ్లు. వాళ్ల మనిషి లేని వార్డుకు రోడ్డు ఎందుకు వేస్తారు?" ఆయన మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది, ఇప్పటికీ సగమే ఉంది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగినవంటూ 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చారు. రాష్ట్రం వసూలు చేసే డబ్బులో వాటి వాటా ఎంతో సిఫారసు చేయడానికి అయిదేళ్లకోసారి ఆర్థిక సంఘాన్ని వేయాలని కూడా అందులో ఉంది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ అంశాల్లో ఏది ఎంతవరకు అప్పగించాలో రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం, సంఘం సిఫారసులను ఎంతవరకు ఆమోదించాలో కూడా దాని ఇష్టమే. ఆస్తి పన్ను లాంటి సొంత రాబడి మున్సిపాలిటీకి ఉన్నా, పెద్ద పనులకు పైనుంచి వచ్చే గ్రాంట్లే దిక్కు. నిధుల తాళం పైవాడి చేతిలో ఉన్నంత కాలం, పైవాడి మనిషికే ఓటు వేయాలనుకునే ఓటరును అవివేకి అనలేం. ఆయన వేసిన లెక్క నేను వేసినదానికన్నా పక్కాగా ఉంది.

ఇది ప్రతి చోటా ఇలాగే ఉండాలని లేదు. జర్మనీలో వ్యాపార సంస్థల మీద వేసే పన్ను రేటును పురపాలక సంఘమే నిర్ణయించుకుంటుంది. దానికి తోడు, అక్కడి బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో కౌన్సిల్‌లో ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లుంటాయి. వాటిని వేర్వేరు పార్టీలు, బృందాలు నిలబెట్టిన జాబితాల్లోని అభ్యర్థులకు పంచవచ్చు, నచ్చిన ఒక్కరికి మూడు దాకా వేయవచ్చు. అక్కడి పురపాలక సంఘాల్లో ఏ జాతీయ పార్టీకీ చెందని స్థానిక జాబితాలు పెద్ద పార్టీలతో సమఉజ్జీగా నిలబడడంలో ఆశ్చర్యం ఏముంది? స్థానిక ఎన్నికల్లో 5 శాతం ఓట్లు రాని పార్టీకి సీట్లివ్వని నిబంధనను షెల్స్‌విగ్ హోల్‌స్టైన్ విషయంలో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 2008లో కొట్టివేసింది కూడా.

ఇక నా మీద వచ్చిన రెండో నింద, ఓట్లు చీల్చానన్నది. ఓడిన పెద్ద పార్టీవారు నన్ను గెలిచినవారి బి-టీమ్ అంటున్నారు. చీలిక అనేది ఊహ కాదు, నేనూ ఒప్పుకుంటాను: 2000 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలో అల్ గోర్ మీద బుష్ ఆధిక్యం 537 ఓట్లు, మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు అక్కడ పడినవి 97,488. కానీ ఆ ఓట్లు మొదట ఎవరివని? నేను లేకపోతే అవి తమకే పడేవని చెప్పేవారు ఓటరును తమ జాగీరులో లెక్కేసుకుంటున్నారు. మొదటి ఎన్నిక ఓడిపోవడానికి, రెండోది ఓడించడానికి, మూడోది గెలవడానికి అని బహుజన్ సమాజ్ పార్టీ స్థాపకుడు కాన్షీరామ్ తన కార్యకర్తలతో అనేవారని ప్రసిద్ధి. 1984లో పుట్టిన ఆయన పార్టీ 2007లో ఉత్తరప్రదేశ్‌లో సొంత బలంతో అధికారంలోకి వచ్చిన మాట నిజమే. అయినా ఆ రెండో మెట్టు నాకు రుచించదు. ఎవరినో ఓడించడం కోసం మా వార్డులో తిరగలేదు.

చీలిక బాధ తప్పాలంటే ఓటరుకు రెండో ఇష్టం కూడా చెప్పుకునే వీలుండాలి. స్కాట్లండ్ 2007 నుంచి స్థానిక ఎన్నికల్లో అదే చేస్తోంది: ఎక్కువగా ముగ్గురు నలుగురు సభ్యుల వార్డులు పెట్టి, పేర్ల పక్కన 1, 2, 3 అని ఇష్టాల వరుస రాయమంటుంది; మొదటి అభ్యర్థి గెలవకపోతే ఆ ఓటు రెండో పేరుకు చేరుతుంది. అంతకుముందు పోటీయే లేకుండా ఏకగ్రీవమయ్యే స్థానాలు అక్కడ చాలానే ఉండేవి, 2007లో ఒక్కటీ లేదు. మన దగ్గర రాజ్యసభ సభ్యులను, రాష్ట్రపతిని ఎన్నుకునేది ఇలా ప్రాధాన్య క్రమంలోనే. ఎమ్మెల్యేలకు అర్థమయ్యే పద్ధతి వార్డు ఓటరుకు అర్థం కాదని ఎవరు తేల్చారు?

"గెలిచినా రేపు అటే పోతారుగా" అన్నవారూ ఉన్నారు. చిన్న పార్టీల నుంచి గెలిచి కండువా మార్చినవారిని చూసి విసిగిన మాట అది, దానికి నా దగ్గర మాటల్లో జవాబు లేదు. వచ్చే ఎన్నికల్లో మళ్లీ పోటీ చేస్తారా అని చాలామంది అడుగుతున్నారు, చేస్తాను. ఈలోగా ఆ రిటైర్డ్ ఉద్యోగి అన్నది మా మున్సిపాలిటీలో ఎంతవరకు నిజమో తెలుసుకోవాలనిపించి, గత పాలకవర్గం కాలంలో ఏ వార్డుకు ఏ పనికి ఎంత మంజూరైందో, ఎంత ఖర్చు చేశారో సంవత్సరాల వారీగా ఇవ్వాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఏ వార్డు ఏ పార్టీదో నా దగ్గర ఇప్పటికే ఉంది. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. సమాధానం వచ్చాక, అది ఆయన మాటను బలపరిచినా సరే, ఆ పట్టికను యథాతథంగా ఇక్కడే పెడతాను.