177 రూపాయల కోసం ఎవరు పోట్లాడతారు?

మా అమ్మ పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని ఇంటికొచ్చి, ఒక లైను మీద వేలు పెట్టి చూపించింది. 177 రూపాయలు తగ్గాయి. ఎందుకు తగ్గాయో ఉండాల్సిన చోట ఆరేడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక గీత, ఓ తేదీ ఉన్నాయి. "ఇదేం రాతరా?" అంది. ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్న నాకే అది బోధపడలేదు.

మర్నాడు బ్రాంచికి వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సిస్టమ్ కట్ చేసింది సార్, మేం చేసింది కాదు" అంది. మినిమమ్ బ్యాలెన్స్ తగ్గినందుకు 150 రూపాయలు జరిమానా, దాని మీద 27 రూపాయలు జీఎస్టీ అట. ముందు చెప్పారా అంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయమంది. చేశాను. హిందీకి ఒకటి నొక్కి, ఇంగ్లీషుకి రెండు నొక్కి, పాట విని విని చివరికి ఒక గొంతు దొరికితే, "మీ హోమ్ బ్రాంచిని సంప్రదించండి" అంది. నేను హోమ్ బ్రాంచిలోనే నిలబడి ఉన్నాను.

ఆ పూట సెలవు పోయింది. రానూపోనూ ఆటో, ఫోన్ మీద గడిచిన గంట లెక్కేస్తే 177 దాటిపోయింది. చార్జీల వ్యవహారమంతా ఈ లెక్క మీదే నడుస్తోందని నా నమ్మకం. కోత చిన్నగా ఉంటుంది, దాని కోసం తిరిగే తిరుగుడు పెద్దగా ఉంటుంది. వంద మంది దగ్గర కోస్తే తొంభై మంది చూసుకోరు. చూసుకున్న పది మందిలో తొమ్మిది మంది "పోనీలే" అంటారు. మిగిలిన ఆ ఒక్కడికి డబ్బు తిరిగిచ్చేసినా బ్యాంకుకు నష్టమేమీ లేదు.

ఈ చిల్లర ఎంతవుతుందో పార్లమెంటులోనే చెప్పారు. 2018 నుంచి 2023 వరకు ప్రభుత్వ బ్యాంకులు, అయిదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిపి మినిమమ్ బ్యాలెన్స్ లేదని 21 వేల కోట్లు, ఏటీఎం వాడకం హద్దు దాటిందని 8 వేల కోట్లకు పైగా, ఎస్ఎంఎస్‌లు పంపినందుకు 6 వేల కోట్లకు పైగా వసూలు చేశాయని 2023 ఆగస్టులో ఆర్థిక శాఖ రాజ్యసభకు తెలిపింది. మొత్తం 35 వేల కోట్ల పైమాటే. అంతకు ముందు స్టేట్ బ్యాంకు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా మినిమమ్ బ్యాలెన్స్ జరిమానాగా ఆ బ్యాంకు తీసుకున్నది 1,771 కోట్లు. అదే ఏడాది జులై, సెప్టెంబరు మధ్య మూడు నెలల్లో దానికి వచ్చిన లాభం 1,581 కోట్లు. ఒక త్రైమాసికంలో అప్పులిచ్చి, వడ్డీలు పిండి, వ్యాపారమంతా చేసి మిగుల్చుకున్న దానికంటే, ఎనిమిది నెలల్లో ఖాతాలో డబ్బు లేనివాళ్ల దగ్గర తీసుకున్నదే ఎక్కువ.

జరిమానా ఎవరి మీద పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. మూడు లక్షలు ఖాతాలో మూలుగుతున్నవాడి జోలికి ఇది రాదు. ఇరవయ్యో తారీఖు దాటాక బ్యాలెన్స్ వందల్లోకి దిగేవాడి మీదే పడుతుంది. ఈ కోతకి పిల్లలు కూడా పుడతాయి. 177 తగ్గినందువల్ల ఐదో తేదీన పోవాల్సిన బైకు కిస్తీకి డబ్బు చాలదు. ఆటో డెబిట్ బౌన్స్ అవుతుంది. బౌన్స్ అయినందుకు ఖాతా ఉన్న బ్యాంకు ఒక చార్జీ, అప్పిచ్చిన సంస్థ ఇంకో చార్జీ వేస్తాయి. ఆపైన, అప్పులు సరిగ్గా కడుతున్నామా లేదా చెప్పే సిబిల్ స్కోరు కూడా పడిపోవచ్చు.

బ్యాంకుల వాదన తెలియనిదేం కాదు. బ్రాంచికి అద్దె కట్టాలి, ఏటీఎంలో డబ్బు నింపాలి, కేవైసీ చూడాలి, సర్వర్లు నడపాలి, సేవలు ఊరికే ఎలా ఇస్తామంటారు. నిజమే, ఖర్చులున్నాయి. మరి 2020 మార్చిలో స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాలన్నిటికీ ఈ జరిమానా ఎత్తేసి హాయిగా ఎలా బతికింది? 2025 జూన్, జులై నెలల్లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా ఒకదాని వెంట ఒకటి ఎలా మానేశాయి? ఖర్చే కారణమైతే ఆ ఖర్చు రాత్రికి రాత్రి మాయమైందా? అదే ఏడాది ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు మెట్రో నగరాల్లో కొత్త ఖాతాలకు మినిమమ్ బ్యాలెన్స్ 50 వేలని ప్రకటించింది. జనం మండిపడేసరికి కొద్ది రోజుల్లోనే 15 వేలకు దించింది. ఇందులో ఖర్చుల లెక్క నాకైతే కనపడలేదు. ఎంత వరకు పడతారో చూద్దామన్న బేరం కనపడింది.

అసలు సేవలు ఊరికే ఎవరు పొందుతున్నారు? నా సొంత ఖాతా లెక్కే చెబుతాను. అందులో సగటున 10 వేలు ఉంటాయి. 2.5 శాతం లెక్కన ఏడాదికి వడ్డీ 250 రూపాయలు. ఏటీఎం కార్డుకు జీఎస్టీతో కలిపి 236, ఎస్ఎంఎస్‌లకు మూడు నెలలకోసారి 17 రూపాయల 70 పైసల చొప్పున ఏడాదికి 70 రూపాయల 80 పైసలు. వెరసి 306 రూపాయల 80 పైసలు. అంటే నా 10 వేలు బ్యాంకు వాడుకుని, ఇంకొకరికి ఎక్కువ వడ్డీకి అప్పిచ్చి, పైగా నా దగ్గరే 56 రూపాయల 80 పైసలు తీసుకుంది. ఇంతకంటే చవగ్గా అప్పు పుట్టే చోటు ఎక్కడైనా ఉందా?

ఈ జరిమానా మీద ప్రభుత్వం 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. సేవ చేశారు కాబట్టి పన్ను అట. ఖాతాలో డబ్బు లేకపోవడం ఏం సేవో నాకు తెలీదు. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం, అప్పు తీసుకున్నవాళ్లు షరతులు తప్పితే బ్యాంకులు వేసే జరిమానా మీద జీఎస్టీ లేదని తేల్చింది. మంచిదే. మరి అప్పు షరతు తప్పినవాడికి లేని పన్ను, దాచుకున్న డబ్బు కాస్త తగ్గినవాడికి ఎందుకు? మా అమ్మ బ్యాంకుకు బాకీ పడి ఉంటే ఆ 27 రూపాయలు మిగిలేవి.

నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. మినిమమ్ బ్యాలెన్స్ ఎంత పెట్టాలన్నది బ్యాంకుల ఇష్టమని రిజర్వు బ్యాంకు గవర్నరు సంజయ్ మల్హోత్రా 2025 ఆగస్టులో అన్నారు కదా అని చాలామంది అక్కడితో వదిలేశారు. జరిమానా ఎలా వేయాలన్నది మాత్రం బ్యాంకుల ఇష్టం కాదు. 2014 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చి, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన సర్క్యులర్ చాలా స్పష్టంగా ఉంది. బ్యాలెన్స్ తగ్గితే ముందు ఎస్ఎంఎస్‌తోనో, ఈమెయిల్‌తోనో, ఉత్తరంతోనో ఖాతాదారుకు చెప్పాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. ఆ తర్వాతే జరిమానా. అదీ ఎంత తగ్గితే అంత మేరకే. ఆ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. రెండేళ్లుగా లావాదేవీలు లేక మూలపడిన ఖాతాలకైతే 2024 ఏప్రిల్ నుంచి ఈ జరిమానా వేయనే కూడదు.

ఇన్ని ఉండీ ఎందుకు పనిచేయవంటే, వీటిని మీరితే బ్యాంకుకు తనంతట తానుగా తగిలే దెబ్బ లేదు. తప్పు పట్టుకోవాల్సింది మనం, రాయాల్సింది మనం, 30 రోజులు ఎదురు చూడాల్సిందీ మనమే. ఆ తర్వాత, బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, ఫీజు కూడా లేదు. నిజంగా మంచి ఏర్పాటు. కానీ 177 రూపాయల కోసం అంత దూరం వెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

దీనికి మందు రిజర్వు బ్యాంకు దగ్గరే ఉంది, ఒకసారి వాడింది కూడా. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గిపోయిన సందర్భాలు గుర్తు చేసుకోండి. 2019 సెప్టెంబరులో వచ్చిన సర్క్యులర్ ప్రకారం అయిదు రోజుల్లోగా ఆ డబ్బు వెనక్కి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఖాతాదారు ఫిర్యాదు చేశాడా లేదా అని చూడకుండా, బ్యాంకే తనంతట తాను ఇవ్వాలి. ఆలస్యమైన కొద్దీ పెరిగే బాకీ అది. అలాంటి మీటరు ఒకటి తిరుగుతుంటే "సిస్టమ్ కట్ చేసింది" అన్న మాట ఇంత తేలిగ్గా నోటికి రాదు. నోటీసు లేకుండా వేసిన చార్జీలకు, అడగకుండా తగిలించిన బీమా ప్రీమియాలకు, వద్దన్నా ఆగని ఎస్ఎంఎస్ రుసుములకు ఇదే నియమం ఎందుకు పెట్టరు? నోటీసు వెళ్లిందో లేదో బ్యాంకు కంప్యూటర్‌కే తెలుసు. కోసే తెలివి ఉన్న సిస్టమ్‌కు తిరిగి వేసే తెలివి కూడా నేర్పవచ్చు.

ఇంతకీ మా అమ్మ అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇదేం రాత?

పాస్‌బుక్‌లో అర్థంకాని రాతలు రాయొద్దని రిజర్వు బ్యాంకు ఎప్పటి నుంచో చెబుతోంది. 2017 జూన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, చార్జీ పడితే అది రుసుమా, కమీషనా, జరిమానా అన్నదీ, దేనికోసం అన్నదీ క్లుప్తంగా రాయాలంది. ఖాతాదారులు వాడే ఫారాలు, చలానాలు, పాస్‌బుక్కులు హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంత భాషలోనూ ఉండాలన్నదీ పాత నిబంధనే. అట్ట మీద తెలుగు కనిపిస్తుంది. లోపల డబ్బు పోయిన లైనులో మాత్రం కనిపించదు. బ్యాంకు ప్రకటన హోర్డింగు మీద చక్కటి తెలుగులో పలకరిస్తుంది, అప్పు కావాలా అని తెలుగులో మెసేజ్ పెడుతుంది. అమ్ముకునేటప్పుడు వచ్చిన తెలుగు కోసేటప్పుడు రాదు. చార్జీల పట్టిక వెబ్‌సైటులో పద్దెనిమిది పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్‌గా ఉంటుంది. ఖాతా తెరిచే రోజు టిక్కులు పెట్టిన చోటల్లా సంతకం చేశాం కాబట్టి, అదంతా చదివి ఒప్పుకున్నట్టే లెక్క. చదవలేని కాగితం మీద పెట్టిన సంతకాన్ని ఒప్పుకోలు అనడం నాకు చేతకాదు.

1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే స్టేట్ బ్యాంకులో కలిసింది. విలీనాలు వద్దని ఇప్పుడు గొడవ చేసి లాభం లేదు. కానీ తెలుగు నేల మీద పుట్టి, తెలుగువాళ్ల డిపాజిట్లతో పెరిగిన రెండు పెద్ద పేర్లు పోయాక, ఈ భాషలో జవాబు చెప్పాలన్న మొహమాటం కూడా వాటితోనే పోయిందేమో అనిపిస్తుంది. కౌంటర్‌లో తెలుగు రాని ఉద్యోగి కూర్చుంటే అది ఆయన తప్పు కాదు. బదిలీ వచ్చిన చోటికల్లా వెళ్లే మనిషి ఆయన. మెషీన్‌కు ఏ బదిలీ ఉంది? "కనీస నిల్వ తగ్గినందుకు జరిమానా" అన్న ముక్కలను ప్రింటరు చేత కొట్టించడానికి ఏమంత కష్టం? భాషా దినోత్సవాల్లో శాలువాలు కప్పుకునే మన ప్రభుత్వాలు రెండూ ఏటా రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీతో కూర్చుంటాయి. రుణ లక్ష్యాల మీద గంటలు మాట్లాడే చోట ఈ ఒక్క లైను గురించి గట్టిగా అడిగితే పోయేదేముంది?

మళ్లీ వారం బ్రాంచికి వెళ్లాను. ఈసారి ఎందుకు కట్టయిందని అడగలేదు. నెల ముందు మా అమ్మకు పంపిన నోటీసు కాపీ ఇవ్వమన్నాను. మేనేజరు గారు కంప్యూటర్‌లో చాలాసేపు వెతికారు. తర్వాత కళ్లజోడు తీసి, "రాసివ్వండి, చూస్తాను" అన్నారు. తెలుగులోనే రాసిచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. తొమ్మిదో రోజున 177 రూపాయలు వెనక్కి వచ్చాయి. పాస్‌బుక్‌లో ఆ అంకె పక్కన మళ్లీ ఏవో నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. "ఇదేంటి, మళ్లీ కోశారా?" అంది అమ్మ.