తెర వెనక్కి రానివ్వండి

ఏప్రిల్ 16 వచ్చిందంటే కందుకూరి వీరేశలింగం చిత్రపటానికి దండ పడుతుంది. తెలుగు నాటకరంగ దినోత్సవం కదా! నలుగురు పెద్దలు మాట్లాడతారు, ఇద్దరు పాత కళాకారులకు శాలువాలు కప్పుతారు, ఒకాయన రాగం తీసి పద్యం అందుకుంటాడు. 'నేటి యువత నాటకానికి దూరమవుతోంది' అన్న నిట్టూర్పుతో సభ ముగుస్తుంది. ఆ నిట్టూర్పు వినడానికి సభలో యువత ఉండదు. ఉన్నా కుర్చీలు సర్దడానికి పిలిపించిన కాలేజీ పిల్లలే ఉంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏటా చూస్తున్న తంతే ఇది. పిల్లలు దూరమయ్యారన్నది సగం నిజం. వాళ్లు లోపలికి వచ్చే తలుపు ఎప్పుడో మూసుకుపోయిందన్నది మిగతా సగం.

ఆ తలుపు ఒకప్పుడు నాటక సమాజాల దగ్గర ఉండేది. వేదం వేంకటరాయశాస్త్రి నాటకాలను రంగం ఎక్కించిన ఆంధ్ర భాషాభిమాని సమాజం నెల్లూరుదే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి కుటుంబ నాటక సమాజం సంగతి సరేసరి. అక్కడ బిడ్డ పుట్టేదే తెర పక్కన. ఊయల వయసులో బాలకృష్ణుడు, పదేళ్లకు లోహితుడు, గొంతు మారే వయసులో తెర తాడు, ఆ తర్వాత హార్మోనియమో వేషమో. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పకపోయినా పని ఒంటబట్టేది.

ఇప్పుడు ఊళ్లలో ఆడుతున్నవి ఎక్కువగా కాంట్రాక్టు నాటకాలు. శివరాత్రికో, శ్రీరామనవమికో, తిరునాళ్లకో కాంట్రాక్టరు ఆర్టిస్టులను కుదురుస్తాడు. తలా ఒక ఊరి నుంచి సాయంత్రానికి దిగుతారు. ఎవరి పెట్టె వాళ్లది, ఎవరి పద్యాలు వాళ్లవి. రిహార్సల్ అన్న మాటే ఉండదు, అందరినీ కలిపి కుట్టేది హార్మోనియం ఒక్కటే. తయారైన నటుడికే అక్కడ చోటు. నేర్చుకుంటానని వచ్చిన కుర్రాణ్ని ఎక్కడ నిలబెట్టాలో కాంట్రాక్టరుకు తెలియదు, అది అతని పనీ కాదు. బ్రాడ్‌వేలో మ్యూజికల్ మామూలుగా వారానికి 8 ఆటలు ఆడుతుంది. ప్రధాన నటుడి గొంతు పట్టేస్తే ఆ రాత్రికి దిగడానికి అదే పాత్ర నేర్చిన మరొకరు సిద్ధంగా ఉంటారు, కొత్తవాళ్లలో చాలామంది వృత్తిలోకి వచ్చేది ఆ దారినే. మన దగ్గరా ఒక్క రాత్రికి ముగ్గురు కృష్ణులుంటారు. అది గొంతు పోతుందని కాదు, ముగ్గురికీ అభిమానులున్నారని!

కాబట్టి పిల్లలకు నాటకం 'చూపించే' కార్యక్రమాలు ఇక చాలు. స్కూలు బస్సులో తీసుకొచ్చి, రెండు గంటలు కూర్చోబెట్టి, బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చి పంపితే వాళ్లకు గుర్తుండేది బిస్కెట్టే. నాటకం మీద మోజు కలిగేది ముందు వరసలో కాదు, రంగం పక్క చాటున, సైడ్ వింగులో. 8వ తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే 20 మంది పిల్లలను, ఒక హార్మోనిస్టును, ఒక అనుభవజ్ఞుడైన నటుణ్ని వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఒకచోట ఉంచి, ఒకే ఒక్క ఘట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా తయారు చేయించాలన్నది మా ప్రతిపాదన. ఇందుకు నెల్లూరులో వేరే చోటు వెతకనక్కర్లేదు. ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, 2020లో దానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. ఆయన తండ్రి సాంబమూర్తి హరికథ చెప్పినవారు, నాటకాల్లో వేషం కట్టినవారు. ఆ పేరున్న బడిలో పద్యనాటకానికి ఒక గది దొరకకపోతే అంతకన్నా చిన్నతనం ఉండదు.

ఘట్టం ఏదన్నదానిపై తర్జనభర్జన అక్కర్లేదు. రాయబారం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలోని ఈ ఘట్టానికి కథ ఉద్యోగపర్వానిది, దాన్ని తెలుగు చేసిన తిక్కన ఈ పెన్నా ఒడ్డువాడే. అభిమానం అలా ఉంచితే అసలు కారణం వేరే ఉంది. కౌరవ సభలో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు గట్టిగా పాడాలి. భీష్మ, ద్రోణ, విదుర, ధృతరాష్ట్రులకు మాట ఎక్కువ, పాట తక్కువ. ఏ గొంతుకు తగిన పాత్ర ఆ గొంతుకు దొరుకుతుంది.

మొదటి వారం పాడించకూడదు. పద్యాన్ని వచనంలా చదివించాలి, మాటలు విడగొట్టించాలి, అర్థం వాళ్ల నోటనే చెప్పించాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా రాగంలోకి దూకడం వల్లే బడి పోటీల్లో పద్యం చిలకపలుకు అవుతోంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది ఇక్కడే తేలాలి. 'చెల్లియో చెల్లకో' ఉత్పలమాల వృత్తం, యతి (పాదం తొలి అక్షరానికి జోడీ అక్షరం పడే చోటు) పదో అక్షరం మీద. 'చెల్లియొ చెల్లకో తమకు' అనేసరికి తొమ్మిది అక్షరాలు, మాటా అక్కడే పూర్తవుతుంది. ఊపిరి తీసుకుని 'చేసిన యెగ్గులు' అని అందుకోవచ్చు. యతీ ఊపిరీ ఒకచోటే కలిశాయి. అదే లెక్క 'జెండాపై కపిరాజు ముందు సితవాజిశ్రేణియుం గూర్చి నే' అన్న పాదానికి వేస్తే పప్పులో కాలేసినట్టే. అది శార్దూలం, యతి పదమూడో అక్షరం మీద. తెలుగు మాస్టారు బడిలో చెప్పిన యతిస్థానం దగ్గర పిల్లవాడు ఆగాడా, 'సితవా' అని ఒక ముక్క, 'జిశ్రేణి' అని ఇంకో ముక్క. వాజి అంటే గుర్రం, అది కాస్తా రెండుగా తెగిపోతుంది! అక్కడ ఊపిరి 'ముందు' దగ్గరే, తొమ్మిదో అక్షరం తర్వాతే తీసుకుని, 'సితవాజిశ్రేణియుం గూర్చి నే' అన్నదంతా ఒక్క దమ్ములో లాగాలి. యతి కవికి నియమం, ఊపిరి నటుడికి అవసరం. రెండూ వేరని మొదటి వారంలో తెలిసిన పిల్లకు మిగతా పద్యాలన్నీ సగం వచ్చేసినట్టే.

తర్వాత శ్రుతి. మైకులు లేని రోజుల్లో మగ నటులు నాలుగున్నర, ఐదు శ్రుతికి (హార్మోనియం మెట్ల లెక్క, అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది) ఎక్కించి పాడేవారు, చివరి వరుసకు వినపడాలి కనక. మైకు వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు మాత్రం పోలేదు. పిల్లల మీద దాన్ని రుద్దడం తప్పు. మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') నుంచి తార గాంధారం (పై స్థాయి 'గ') దాకా మెడనరాలు ఉబ్బకుండా అందితే అదే ఆ గొంతు శ్రుతి. గొంతు మారుతున్న తొమ్మిది, పది తరగతుల కుర్రాళ్లతో మరీ జాగ్రత్త. నిన్న పలికిన స్వరం ఇవాళ చీలిపోతుంది. అది సాధన లోపం కాదు, వయసు. 'ఇంకా గట్టిగా' అని అదిలిస్తే గొంతు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అలాంటివాడికి ఆ ఏడాది విదురుణ్ని ఇవ్వాలి, లేదా ప్రాంప్టింగు (చాటు నుంచి మాట అందించే పని) అప్పగించాలి. వాడికి నాటకం మొత్తం నోటికి వచ్చేది అప్పుడే.

కృష్ణుడి వేషం అమ్మాయి కడితే ఏమిటి ఇబ్బంది? ఏమీ లేదు, హార్మోనిస్టుకు లెక్క తెలిస్తే చాలు. దుర్యోధనుడు ఒకటిన్నరకు, కృష్ణుడు ఐదున్నరకు పాడుతున్నారనుకోండి. అబ్బాయి పంచమమే ('ప') అమ్మాయి షడ్జమం ('స'). ఆ రెండు మెట్లూ నొక్కి ఉంచితే అబ్బాయికి అది 'స-ప' పలికే పంచమ శ్రుతి, అమ్మాయికి 'స-మ' పలికే మధ్యమ శ్రుతి. ఒకరి పద్యం ముగిసి ఇంకొకరు అందుకునేటప్పుడు శ్రుతి తెగదు. ఈ జత కుదర్చకుండా ఎవరి శ్రుతి వాళ్లకు పెడితే ప్రతి పద్యానికీ ముందు హార్మోనియం తడుముకోవాలి, సభలో పుట్టిన వేడి ఆ క్షణంలోనే చల్లారిపోతుంది. అన్నట్టు, సముద్రం తేమకు ఈ జిల్లాల్లో హార్మోనియం ఇత్తడి రీడ్లు చిలుము పట్టి పలకడం మానేస్తాయి. వాడనప్పుడు మూత పెట్టి గుడ్డ కప్పి ఉంచాలి, ప్రదర్శనకు వారం ముందే ప్రతి మెట్టూ నొక్కి చూసుకోవాలి.

నాలుగో వారం నుంచి కిరీటం పెట్టించాలి. ఇది చాలామంది శిక్షకులు మరిచిపోయే విషయం. కిరీటం పక్కరేకులు చెవులను కప్పేస్తాయి. నెల రోజులు చక్కగా పాడిన పిల్ల ప్రదర్శన నాడు శ్రుతి దిగజారితే భయపడిందనుకుంటాం. ఆమెకు హార్మోనియం వినపడలేదంతే! మందు తేలికైనదే. కిరీటం కింద పలచని తలగుడ్డ కట్టాలి, రేకులను చెవికి అర అంగుళం ఎడంగా వంచాలి, వింగులో నేల మీద ఒక చిన్న స్పీకరు పెట్టి అందులో హార్మోనియం మాత్రమే వినిపించాలి. ఆ స్పీకరు ముఖం మైకు వైపు తిరిగిందా, హాలంతా కుయ్‌మంటుంది. కాలరు మైకును ఛాతీ మీద తగిలిస్తే హారాలు రాసుకుని గరగరలాడుతుంది. కిరీటం అంచు కింద, నుదుటి పైభాగాన అతికిస్తే ఆ బాధ ఉండదు. బ్యాటరీలు కొత్తవి వేయాలి, 'నిన్నటివే, బాగానే ఉన్నాయి' అన్న మాట నమ్మకూడదు.

మేకప్ విషయంలో ఒకటే మాట. పాతకాలం పెట్టెల్లో అర్దళం ఇంకా కనిపిస్తుంది. అది ఆర్సెనిక్ ఉన్న విషపు రంగు, పిల్లల ముఖానికి తాకనివ్వకూడదు. గమ్‌తో అంటించిన మీసాన్ని లాగి పీకకుండా కొబ్బరినూనె రాసి కాసేపు ఆగితే అదే ఊడివస్తుంది.

ఇక వన్స్‌మోర్. పెద్దల నాటకాల్లో దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, మేము ఆ సాహసం చేయబోవడం లేదు. పిల్లల ప్రదర్శనకు మాత్రం ముందే మైకులో చెప్పేయాలి: వన్స్‌మోర్‌లు లేవు. నాలుగో పాదం చివర రాగం ఒక్క ఊపిరికి మించి తీయనివ్వకూడదు. పద్యం తర్వాత ఐదు నిమిషాలు రాగం సాగుతుంటే దుర్యోధనుడు ఏం చేయాలి? మీసం దువ్వుకుంటూ నిలబడాలి. కొత్త ప్రేక్షకుడు సెల్‌ఫోన్ తీసేది సరిగ్గా అక్కడే.

పిల్లలందరూ వేషం కట్టనక్కర్లేదు. 20 మందిలో పది మంది పాత్రధారులైతే మిగతా పది మంది తెర, లైట్లు, మైకులు, దుస్తులు, ప్రాంప్టింగు చూడాలి, ప్రతి ప్రధాన పాత్రకూ వాళ్లలోనే ఒకరు మారు నటులుగా పద్యాలన్నీ నేర్చి ఉండాలి. నాటకం మీద బతకడం కష్టమని తల్లిదండ్రులు అంటే అది అబద్ధం కాదు. ఆ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. అయితే సౌండు, లైటింగు, డబ్బింగు, సంగీతం టీచరు కొలువు, ఈ పనులన్నిటికీ మొదటి బడి ఇదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో (ఆంధ్రా యూనివర్సిటీ), హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ కోర్సులున్నాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా డిగ్రీతో పాటు రంగస్థల అనుభవమూ అడుగుతుంది. ఈ సంగతి మార్కాపురంలోనో ఉదయగిరిలోనో ఇంటర్ చదివే పిల్లకు చెప్పేవాళ్లు ఎవరు?

ఖర్చు పెద్దదేమీ కాదు. దుస్తులు, కిరీటాలు అద్దెకు దొరుకుతాయి. హార్మోనిస్టుకు, శిక్షకుడికి మాత్రం శాలువాతో సరిపెట్టకుండా ఆరు వారాలకూ రోజు లెక్కన డబ్బు ముట్టాలి. అమ్మాయిలు ఉన్నచోట ఒక టీచరమ్మ తప్పనిసరి, రాత్రి 8 దాటి రిహార్సల్ ఉండకూడదు. మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు కనక ప్రదర్శన జూన్ మొదటి వారంలోనే అయిపోవాలి. నెల్లూరు పురమందిరం, ఒంగోలు సీవీఎన్ రీడింగ్ రూం నిర్వాహకులను మేము అడిగేది మూడు సాయంత్రాలు. ఆటకు ఒకటి చాలు. తొలి రెండు సాయంత్రాలూ ఖాళీ కుర్చీల ముందు, పూర్తి వేషంతో, కిరీటాలతో, మైకులతో రిహార్సల్‌కు కావాలి. ఆ రెండు సాయంత్రాలకు అద్దె తీసుకోకుండా తాళం ఇప్పిస్తే పని మొదలుపెట్టవచ్చు.