రంగులు అలంకారం కాదు, సాక్ష్యం

దర్శకుడు శ్రీరామ్ రాఘవన్ సినిమా ‘మెర్రీ క్రిస్మస్’ (2024)లో దృశ్యశోభ కథలోని నైతిక ప్రశ్నను కప్పేసిందన్న ఒక వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. (సినిమా చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది.) భర్తను చంపిన కథానాయిక మరియా తన నేరానికి ఆధారం చేసుకున్నది ఒకేలా అలంకరించిన రెండు ఇళ్లనే, అంటే మధు నీలకందన్ కెమెరా మనల్ని మురిపించే ఆ గోడలు, ఆ వెచ్చని వెలుగులు, ఆ రాత్రే పరిచయమైన ఆల్బర్ట్‌ను నమ్మించడానికి ఆమె పన్నిన వలలో భాగమే కాబట్టి, వాటి అందానికి లొంగిన ప్రేక్షకుడు కూడా అతనిలాగే మోసపోతాడు. తెరను రెండుగా చీల్చి రెండు మిక్సీలను పక్కపక్కన చూపే తొలి దృశ్యంలోనే, ఒకదానిలో వంటింటి పొడి, మరొకదానిలో మాత్రలు నలుగుతుండగా, దర్శకుడు ఈ జంట లోకాల సూచన ఇచ్చేశాడు.

మరియాపై సానుభూతి కలగడానికి భర్త క్రౌర్యం కారణమని సరిపెట్టుకోవచ్చు. ప్రియురాలిని చంపి జైలుకు వెళ్లివచ్చిన ఆల్బర్ట్ సంగతేమిటి? ఆ పాత్రలో విజయ్ సేతుపతి మృదుత్వం ఆ హత్యను మనచేత దాదాపు మరిపిస్తుంది, నాకు నిజంగా ఇబ్బంది కలిగించింది అదే. పోలీస్ స్టేషన్‌లో మాటల్లేకుండా, వివాల్డి సంగీతం మీద నడిచే ముగింపులో ఆల్బర్ట్ మరియా నేరాన్ని తన మీద వేసుకుంటూ ఆమె వేలికి ఉంగరం తొడగడం త్యాగమా, పాత నేరానికి ఆలస్యంగా చెల్లించిన మూల్యమా అన్నది దర్శకుడు తేల్చలేదు. వ్యాసకర్త దాన్ని లోపంగా లెక్కించారు. నా దృష్టిలో సినిమా మొత్తంలో అత్యంత నిజాయితీగల నిర్ణయం అదే.