‘అందరూ ఇంట్లో కూర్చుంటే హెదర్ బతికేది’ అంటున్నవాళ్ళకు

అమెరికాలో ఏదో ఒక యూనివర్సిటీ దగ్గర జాతి విద్వేష గుంపు సభ పెడుతోందని తెలియగానే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పాత మెసేజ్ ఒకటి మళ్ళీ బయటికొస్తుంది. అందులో ఉండేది దాదాపు ఇదే: ‘పట్టించుకోకండి, వాళ్ళే పోతారు. 2017లో చార్లట్స్‌విల్‌లో జనం ఇళ్ళల్లో కూర్చుని ఉంటే ఆ అమ్మాయి చనిపోయేది కాదు. ఎదురెళ్ళి వాళ్ళకి పబ్లిసిటీ ఇచ్చారు. రెండు వైపులవాళ్ళూ కొట్టుకోవడానికే వచ్చారు. అసలు గొడవ ఒక విగ్రహం గురించి. గవర్నమెంటు పర్మిషన్ ఇవ్వకపోతే సరిపోయేది. అయినా అది తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య గొడవ, మనకెందుకు?’

చార్లట్స్‌విల్ అంటే వర్జీనియా రాష్ట్రంలోని యూనివర్సిటీ ఊరు. ఆ అమ్మాయి హెదర్ హేయర్, 2017 ఆగస్టు 12న అక్కడ తెల్లజాతి విద్వేష గుంపుల సభకి ఎదురొచ్చిన జనంలో ఉండి చనిపోయింది. ఈ మెసేజ్ పంపేవాళ్ళ ఉద్దేశం చెడ్డదని నేననను. పిల్ల అక్కడ చదువుకుంటుంటే ఇక్కడ అర్ధరాత్రి లేచి ఫోన్ చూసుకునే అమ్మానాన్నల టెన్షన్ నాకు అర్థమవుతుంది. నా ఇంటి పిల్లయితే నేనూ ‘ఆ రోజు బయటికెళ్ళకమ్మా’ అనే చెబుతాను. మన పిల్లకి జాగ్రత్త చెప్పుకోవడం వేరు, ఇంట్లో కూర్చోలేదని ఒక ఊరి మీద తప్పు మోపడం వేరు. మెసేజ్ చేసేది రెండో పని. అందుకే ఒక్కో ముక్కా తీసి చూడాలి.

‘ఇంట్లో కూర్చుంటే ఏమీ అయ్యేది కాదు.’

ఆ సలహా ముందే ఇచ్చారు. ఇచ్చింది కూడా దారిన పోయేవాళ్ళు కాదు. యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా ప్రెసిడెంట్ తెరెసా సల్లివన్ స్వయంగా రాశారు, ఆగస్టు 12 సభ వైపు వెళ్ళొద్దనీ, వాళ్ళకి ఎదురుపడొద్దనీ. సభ పెట్టుకున్నది క్యాంపస్‌లో కూడా కాదు, మైలుకు పైగా దూరంలో, ఊరి మధ్య పార్కులో. తరగతులింకా మొదలవలేదు, క్యాంపస్ దాదాపు ఖాళీ.

మరి ఏమైంది? ఆగస్టు 11, శుక్రవారం రాత్రి, క్యాంపస్‌లో నేమ్‌లెస్ ఫీల్డ్ అనే మైదానంలో కొన్ని వందలమంది పోగయ్యారు. పెరట్లో దోమలు రాకుండా వెలిగించుకునే వెదురు కాగడాలు చేతుల్లో పట్టుకున్నారు. వరస కట్టి, ‘యూదులు మా స్థానంలోకి రాలేరు’ అని అరుచుకుంటూ యూనివర్సిటీ ముఖ్య భవనం రొటుండా మెట్లెక్కి, అవతలి వైపున్న, ఆ యూనివర్సిటీని స్థాపించిన జెఫర్సన్ విగ్రహం దగ్గరికి దిగారు. అక్కడ వాళ్ళకి ఎదురుగా ఉన్నది ఎంతమంది? పాతిక ముప్పైమంది, ఎక్కువగా విద్యార్థులు. ఒకరి చేతుల్లో ఒకరు చేతులు వేసుకుని విగ్రహం చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ దగ్గరున్నది ఒక బట్ట బ్యానరు. వాళ్ళ చుట్టూ మంటల వలయం. పెప్పర్ స్ప్రే కొట్టారు. కాగడాలు విసిరారు. పిల్లల పక్కకి వచ్చి నిలబడ్డ డీన్‌కి ఒక కాగడా తగిలి చేతికి గాయమైంది. సరిగ్గా అదే సమయానికి రోడ్డు అవతల సెయింట్ పాల్స్ చర్చిలో అన్ని మతాలవాళ్ళూ కలిసి ప్రార్థన చేసుకుంటున్నారు, వందలమంది. కాసేపు బయటికి రావొద్దని వాళ్ళని లోపలే ఆపేశారు.

ఎవరూ ఎదురురాకపోతే గుంపు చల్లబడుతుందనే సూత్రానికి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? పిలవని చోటికి, పర్మిషన్ అడగని చోటికి, ఖాళీ క్యాంపస్‌లోకి వాళ్ళే నడిచొచ్చారు. వాళ్ళకి కావలసింది ఎదుటి మనిషి కాదు, కెమెరా. రొటుండా ముందు కాగడాల ఫొటో కోసం వచ్చారు, తీసుకుని వెళ్ళారు.

మర్నాడు ఉదయం ఊళ్ళోని యూదుల ప్రార్థనా మందిరం బెత్ ఇజ్రాయెల్‌లో 40 మంది ఎప్పటిలాగే శనివారం ప్రార్థనకి కూర్చున్నారు. మన గుళ్ళో పూజకొచ్చేవాళ్ళుంటారే, అలాంటివాళ్ళు. ఊరేగింపు చేయలేదు, నినాదం ఇవ్వలేదు. రోడ్డు అవతల రైఫిళ్ళు పట్టుకుని ముగ్గురు నిలబడ్డారు. వాళ్ళ పవిత్ర గ్రంథమైన టోరా చుట్టలను ముందు జాగ్రత్తగా అక్కడి నుంచి తరలించేశారు. ప్రార్థన అయ్యాక పెద్దలు అందర్నీ వెనక తలుపు గుండా, గుంపులుగా వెళ్ళమన్నారు. ఏనుగు పోతుంటే కుక్కలు మొరుగుతాయిలే అని ఆ వెనక తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయనకి ఎవరు చెబుతారు?

‘ఎదురెళ్ళి పబ్లిసిటీ ఇచ్చారు.’

ఇందులో కొంత బలముంది, కాదనను. ఎవరూ రాకుండా పోతే సభ వెలవెలబోతుందని అక్కడ కూడా పెద్దమనుషులు చాలామంది నమ్మారు. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. సరిగ్గా వారానికి, ఆగస్టు 19న, బోస్టన్‌లో స్వేచ్ఛాభాషణ పేరుతో ఒక సభ పెట్టారు. తమకి విద్వేష గుంపులతో సంబంధం లేదని నిర్వాహకులు అన్నా ఊరు నమ్మలేదు. సుమారు 40 వేలమంది వీధుల్లోకి వచ్చారు. లోపల సభలో ఉన్నది కొన్ని పదులమంది. అనుకున్న టైము కంటే ముందే సర్దుకుని వెళ్ళిపోయారు. ఏడాది తిరిగాక చార్లట్స్‌విల్ నిర్వాహకుడే వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ఎదుట రెండో సభ పెడితే, వచ్చింది పాతిక ముప్పైమంది. ఎదురు నిలిచినవాళ్ళు వేలల్లో.

ఇక రిచర్డ్ స్పెన్సర్ కథ. యూనివర్సిటీలు తిరిగి ఉపన్యాసాలిస్తానని బయల్దేరిన తెల్లజాతివాద పెద్దమనిషి ఇతను. 2017 అక్టోబర్ 19న యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాకి వెళితే హాల్లోనే జనం అరిచి అతని మాట వినపడనివ్వలేదు. 2018 మార్చిలో మిషిగన్ స్టేట్‌లో సెలవుల సమయం చూసి, క్యాంపస్ చివర పశువుల ప్రదర్శనలు జరిగే షెడ్డు ఇచ్చారు (ఆ ఆలోచన ఎవరిదో గానీ దండం పెట్టాలి). బయట తోపులాటలు జరిగాయి, అరెస్టులూ జరిగాయి. లోపలికి చేరింది కొన్ని పదులమంది. ఆ వెంటనే తన కాలేజీ టూరు ఆపేస్తున్నానని, ఈ సభల్లో ఇక సరదా లేదని అతనే వీడియోలో ఒప్పుకున్నాడు. పట్టించుకోకపోవడం వల్ల కాదు, పట్టించుకోవడం వల్ల ఆగాడు.

‘రెండు వైపులవాళ్ళూ కొట్టుకోవడానికే వచ్చారు.’

ఈ మాటకి ప్రపంచమంతా ప్రచారం దొరికింది ఆగస్టు 15న అప్పటి అధ్యక్షుడు ట్రంప్ రెండు వైపులా తప్పుందని, రెండు వైపులా మంచివాళ్ళున్నారని అన్నాక. నియో నాజీల గురించి మాట్లాడటం లేదని అదే సమావేశంలో ఆయన అన్న మాట కూడా చెప్పాలి. ఎదురొచ్చినవాళ్ళలో కర్రలతో వచ్చినవాళ్ళు, సీసాలు విసిరినవాళ్ళు ఉన్నారన్నది నిజం. పార్కు ముందు ఆ ఉదయం జరిగిన తన్నులాటలో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు.

కానీ హెదర్ హేయర్ చనిపోయింది ఆ తన్నులాటలో కాదు. మెసేజ్ రాసినవాళ్ళు దాటేసే విషయం ఇదే. మధ్యాహ్నం 12కి మొదలవ్వాల్సిన సభని 11:30 ప్రాంతంలోనే చట్టవిరుద్ధమని ప్రకటించి పార్కు ఖాళీ చేయించారు. రెండు గంటలు గడిచాయి. సభ రద్దయిందన్న సంతోషంలో జనం ఫోర్త్ స్ట్రీట్ మీదుగా పాటలు పాడుకుంటూ నడుస్తున్నారు. ఇరుకు సందు లాంటి వీధి. ఒహైయో నుంచి వచ్చిన 20 ఏళ్ళ జేమ్స్ అలెక్స్ ఫీల్డ్స్ తన కారు ఆ వీధిలో ఆపి, వెనక్కి తీసి, వేగంగా ముందుకి తోలాడు. వెనక్కి తీసినప్పుడు అతని కారు చుట్టూ ఎవరూ లేరని వీడియోల్లో కనబడుతోంది. 32 ఏళ్ళ హెదర్ చనిపోయింది, పదుల సంఖ్యలో గాయపడ్డారు.

రెచ్చిపోయి చేశాడా? జనం మీదికి కారు దూసుకెళ్తున్న బొమ్మని అతను ఆ ఏడాది మే నెలలోనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నాడు. బయల్దేరేముందు తల్లి జాగ్రత్త అని మెసేజ్ పెడితే, జాగ్రత్త పడాల్సింది మేం కాదని జవాబిచ్చి, హిట్లర్ ఫొటో జతచేశాడు. ఇవన్నీ కోర్టు విచారణలో బయటికొచ్చినవి. 2018 డిసెంబర్‌లో జ్యూరీ హత్యేనని తేల్చింది, ఇప్పుడు యావజ్జీవం అనుభవిస్తున్నాడు. నిర్వాహకుల సంగతి కూడా చూడండి. సభకి ముందు వాళ్ళు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మాట్లాడుకున్నవి బయటపడ్డాయి. గాయపడ్డవాళ్ళు సివిల్ కేసు వేశారు. 2021 నవంబర్‌లో జ్యూరీ వర్జీనియా చట్టం కింద ఇది కుట్రేనని చెప్పి, 2.5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలంది. కట్టాల్సిన మొత్తం తర్వాతి కోర్టుల్లో మారింది, కుట్ర అన్న మాట మారలేదు.

ఇంకా ఒకటుంది. ఆ ఫోర్త్ స్ట్రీట్‌లోకి ఆ రోజు బండ్లు రాకూడదు. వీధి మొదట్లో కాపలాకి పెట్టింది ఒకే ఒక్క పోలీసు ఆఫీసర్ని. మామూలు రోజుల్లో స్కూల్లో డ్యూటీ చేసే ఆమె. గుంపులు అటు రావడంతో తనకి భయంగా ఉందని ఆమె చెబితే అక్కడి నుంచి పంపేశారు, బదులు ఎవరినీ పెట్టలేదు. ఇక వీధికి అడ్డంగా మిగిలింది చెక్క కాళ్ళ అడ్డుబల్ల ఒకటి. సిటీ కోరితే మాజీ ఫెడరల్ ప్రాసిక్యూటర్ తిమోతీ హీఫీ చేసిన విచారణ నివేదికలో ఇది ఉంది. గుంపుల మధ్య దూరం పెట్టలేదని, కళ్ళ ముందు కొట్టుకుంటున్నా పోలీసులు కదల్లేదని అదే నివేదిక చెప్పింది. ఒక నల్లజాతి కుర్రాణ్ణి పోలీసు స్టేషన్ పక్క పార్కింగ్‌లోనే కింద పడేసి కర్రలతో బాదారు. నివేదిక వచ్చిన నెలలోనే పోలీసు చీఫ్ తప్పుకున్నారు. బోస్టన్‌లో ఏం చేశారో దీని పక్కన పెట్టి చూడండి. రెండు వైపులకీ మధ్య బారికేడ్లతో ఖాళీ జాగా వదిలారు, కర్రలు రానివ్వలేదు, వీధుల మొదట్లో పెద్ద లారీలు అడ్డంగా నిలబెట్టారు. 40 వేలమంది వచ్చినా ఒక్క ప్రాణం పోలేదు. జనం బయటికి రావడమే చావుకి కారణమైతే బోస్టన్‌లో ఎంతమంది పోవాలి?

‘పర్మిషన్ ఇవ్వకపోతే సరిపోయేది.’

మనకి 144 సెక్షన్ అలవాటు (ఇప్పుడది కొత్త చట్టంలో 163 అయింది). కలెక్టర్ ఒక కాగితం మీద సంతకం పెడితే ఊరంతా బంద్. అమెరికాలో ఆ దారి మూసుకుపోయింది. చార్లట్స్‌విల్ సిటీ సభని పెద్ద పార్కుకి మార్చాలని చూసింది. నిర్వాహకుడు కోర్టుకెళ్ళాడు. అతని తరఫున నిలబడింది పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ వర్జీనియా శాఖ. ఎదుటి వర్గం సభలకి ఊరి మధ్యలో ఇచ్చిన పర్మిషన్లు అలాగే ఉంచి ఇతన్ని మాత్రమే కదిలించడమేమిటని, ఆగస్టు 11 సాయంత్రం ఫెడరల్ జడ్జి సిటీకి వ్యతిరేకంగా ఆర్డరిచ్చారు. మాట్లాడే విషయం జనాన్ని రెచ్చగొడుతుందని సభ మీద ఎక్కువ ఫీజు వేయడం కూడా కుదరదని సుప్రీంకోర్టు 1992లోనే చెప్పింది. అంటే సభ ఎలాగూ జరుగుతుంది. అలాంటప్పుడు ఊరికి మిగిలేది ఏం చేయాలన్న ప్రశ్నే. ఇళ్ళల్లో ఉండమనేవాళ్ళు, పర్మిషన్ ఆపమనేవాళ్ళు చాలాసార్లు ఒకరే అవడం మాత్రం నాకు తమాషాగా ఉంటుంది. సర్కారు నోరు మూయిస్తే పర్లేదట, పక్కింటివాడు బ్యానర్ పట్టుకుంటే రెచ్చగొట్టడమట.

‘విగ్రహం గురించే గొడవ.’

అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం ఉంచాలన్న దక్షిణాది సేనాని రాబర్ట్ లీ. ఆ పార్కులోని అతని విగ్రహం పేరు చెప్పుకుని వచ్చారు, అంతే. కాగడాల ఊరేగింపు వెళ్ళి ఆగింది జెఫర్సన్ విగ్రహం దగ్గర, అరిచింది యూదుల గురించి. దానికి ఇంతకంటే రాయక్కర్లేదు.

‘మనకెందుకు?’

అదే 2017, ఫిబ్రవరి 22. కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బార్. హైదరాబాద్ నుంచి వెళ్ళిన శ్రీనివాస్ కూచిభొట్ల, స్నేహితుడు అలోక్ మాదసాని పని ముగించుకుని కూర్చున్నారు. ఊరేగింపు లేదు, బ్యానర్ లేదు. నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు. అతనికీ 32 ఏళ్ళే. తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ గొడవ అని పక్కకి జరగడానికి మన దగ్గర జాగా ఎక్కడుంది?

ఆ బార్లోనే 24 ఏళ్ళ అమెరికన్ కుర్రాడొకడు ఉన్నాడు. మొదట టేబుల్ కింద దాక్కున్నాడు. తూటాలు లెక్కపెట్టుకుని, అయిపోయాయనుకుని, లేచి కాల్చినవాడి వెంటపడ్డాడు. ఇంకో తూటా మిగిలే ఉంది. అది అతని చేతిలోంచి ఛాతీలోకి దూసుకెళ్ళింది. బతికాడు. నెల దాటగానే హ్యూస్టన్‌లోని భారతీయులు అతన్ని పిలిచి, ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు చేతిలో పెట్టారు. వాడికెందుకు ఆ గొడవ అని అప్పుడు ఒక్కరూ అడగలేదు.