బుగ్గల పునర్నిర్మాణ పథకం

మనిషి ముఖంలో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది: ఎత్తుపల్లాలు. చెంప ఎముక ఒకచోట పొడుచుకొస్తుంది, దాని కింద నీడ పడుతుంది, ముక్కు పక్కన కాస్త ఎరుపు తేలుతుంది. ఇంత అక్రమాన్ని నాగరికులు చూస్తూ ఊరుకోలేరు కనుక, ముందు ఫౌండేషన్ రాసి అన్నిటినీ ఒకే రంగులోకి తెస్తారు. ముఖం సున్నం కొట్టిన గోడలా చదునవుతుంది. అప్పుడు అద్దంలో చూసుకుని ‘అయ్యో, కళ లేదే’ అని నొచ్చుకుని, చెరిపేసిన ఎరుపునే బ్లష్ అనే మరో డబ్బా తెరిచి బుగ్గలకు మళ్లీ పూస్తారు. దీనికి సహజ సౌందర్యం అని పేరు.

దీన్ని వెక్కిరించేవాళ్లతో నేను కలవను. ప్రకృతికి వదిలేస్తే ఏమవుతుందో తెలిసిందే. సిగ్గుతో ముఖం ఎర్రబడటం మనుషులకే దక్కిన విద్య అని డార్విన్ 1872లోనే పుస్తకంలో రాశాడు. దక్కితే దక్కింది కానీ, పనితనం మాత్రం నాసిరకం. రక్తనాళాలు విప్పారగానే ఎరుపు చెవులకు పాకుతుంది, మెడ మీదికి దిగుతుంది, కొందరికి ఛాతీ దాకా మచ్చలు మచ్చలుగా పరుచుకుంటుంది. చెంప ఎముక దాటొద్దన్న బుద్ధి దానికి లేదు. వేళాపాళా అసలే లేదు. ఫొటో తీస్తున్నప్పుడు ఎంత పిలిచినా రాదు, అప్పిచ్చినవాడు ఎదురుపడితే పిలవకుండానే వస్తుంది.

బ్లష్‌కి ఆ జబ్బు లేదు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. బ్రష్ కుచ్చు మీద ఎక్కువైన పొడిని దులిపి, చెంప ఎముక మీద ఆనించి కణత వైపు పైకి లాగితే ముఖం కోలగా, చెక్కినట్టు కనిపిస్తుంది. మెరుపు లేని, కాస్త మట్టి కలిసిన రంగైతే ఆ చెక్కుడు ఇంకా నమ్మేలా ఉంటుంది. చామనఛాయకు, నలుపుకు ఇటుక ఎరుపు, నేరేడు రంగు నప్పుతాయి. లేత గులాబీ రాస్తే బూడిద తేలుతుంది. 1970లలో వే బ్యాండీ అనే మేకప్ కళాకారుడు ఈ బ్లష్‌నే చెంపల నుంచి కణతల దాకా పరిచి ముఖానికి తీరు తెచ్చేవాడు. దానికి డ్రేపింగ్ అని పేరు. ఇక కొన్ని డబ్బాల మీద కార్మైన్ అని ఉంటుంది. అది నాగజెముడు మీద బతికే పురుగులను ఎండబెట్టి తీసిన ఎరుపు. సహజత్వం కోసం ప్రాణత్యాగం చేసినవాళ్ల జాబితాలో వాటికి చోటివ్వకపోవడం అన్యాయం.

ఒక్క మెలిక ఉంది. నవ్వితే బుగ్గ ఉబ్బుతుంది, అక్కడ రాయండి అని పెద్దలు చెబుతారు. నవ్వి రాస్తాం. నవ్వు ఆగగానే బుగ్గ కిందికి దిగుతుంది, దాంతోపాటు రంగూ దిగి ముఖం వేలాడుతుంది. కనుక ముక్కు కొన దాటి కిందికి రాయకూడదు, లేదా ఇంటికి చేరేదాకా నవ్వుతూనే ఉండాలి. చాలామంది రెండోదే ఎంచుకుంటున్నారని ఫొటోలు చూస్తే అర్థమవుతోంది.

ఇంత శ్రమకూ దక్కే బిరుదు ఒకటే: ‘నువ్వేం వేసుకోలేదా? ఎంత సహజంగా ఉన్నావు!’ దానికి ‘అబ్బే, ముఖం కడుక్కుని వచ్చేశా’ అనాలి. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే బుగ్గలు ఎర్రబడినా పరవాలేదు. ఎవరికీ తేడా తెలియదు.