చరిత్రలోకి రాజకీయం నిన్న మొన్న రాలేదు

"చరిత్ర ఒకప్పుడు పండితుల చేతిలో నిర్మలంగా ఉండేది. రాజకీయాలు ఈ మధ్యనే దాన్ని పాడుచేశాయి. నిజం కావాలంటే రాతి శాసనాలు చూడండి, అవి అబద్ధమాడవు. పుస్తకాలు రాసింది గెలిచినవాళ్లే. విగ్రహం తీసివేయడమంటే చరిత్రను చెరిపివేయడమే. అయినా ఎప్పుడో జరిగినదాని గురించి ఇప్పుడు గొడవ ఎందుకు? ఎవరికి నచ్చింది వాళ్లు నమ్ముకుంటే పోయేదేముంది?"

ఈ అర్థం వచ్చే సందేశం ఎంతోమంది చేతులు మారింది. ఒక్కో మాటా విడిగా వింటే సబబుగానే తోస్తుంది. వరుసగా చదివితే మాత్రం, చివరి ప్రశ్నకు దారి వేయడానికే మిగతావన్నీ పేర్చినట్టు తెలుస్తుంది. ఆ ప్రశ్న నన్ను భయపెడుతుంది. అందుకే ఈ జవాబు.

చరిత్ర నిర్మలంగా ఉన్న ఆ "ఒకప్పుడు" ఎప్పుడో సందేశం చెప్పదు. క్రీ.పూ. 213లో చైనా మంత్రి లీ సి తన చక్రవర్తి చిన్ షి హువాంగ్‌కు ఒక సలహా ఇచ్చాడు. చిన్ రాజ్య చరిత్ర తప్ప మిగిలిన రాజ్యాల చరిత్రలన్నీ తగలబెట్టాలి, గతాన్ని చూపించి వర్తమానాన్ని తప్పుపట్టేవారిని కుటుంబంతో సహా చంపాలి. చక్రవర్తి ఒప్పుకున్నాడు. క్రీ.శ. 211లో రోమన్ చక్రవర్తి కారకల్లా తమ్ముడు గేటాను చంపించి, అతని పేరును దేశమంతటా శాసనాల నుంచి చెక్కివేయించాడు. రోమ్‌లో వారి తండ్రి సెప్టిమియస్ సెవెరస్ పేరిట ఉన్న తోరణం మీద గేటా పేరు తొలగించి వేరే అక్షరాలు చెక్కిన చోటు ఇప్పటికీ కనబడుతుంది. వీటిలో ఏది నిర్మలం?

రాజుల సంగతి సరే, పండితుల మాటేమిటంటారా? బ్రిటిష్ రచయిత జేమ్స్ మిల్ భారతదేశంలో అడుగు పెట్టకుండానే 1817లో ఆ దేశ చరిత్రను ప్రచురించాడు. దాన్ని హిందూ, ముస్లిం, బ్రిటిష్ కాలాలుగా విడగొట్టాడు. ఆ పుస్తకం ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు శిక్షణలో పాఠమైంది. ఆ విభజన మన ఆలోచనల్లో ఎంత లోతుగా దిగబడిందో వేరే చెప్పనక్కరలేదు. మధ్యయుగపు పత్రాలను శాస్త్రీయంగా పరిష్కరించి అచ్చువేయడానికి జర్మనీలో 1819లో పెద్ద సంస్థ పుట్టింది. దాని నినాదానికి అర్థం "పవిత్రమైన దేశభక్తే ఉత్సాహాన్నిస్తుంది" అని. ఆధునిక చరిత్ర పరిశోధన పుట్టిందే జాతీయవాదం పక్కన.

మరి ఇంత రాజకీయం ఉన్నచోట నిజం తేలుతుందా? తేలుతుంది. దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన సాక్ష్యం ఇటలీది. నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ సామ్రాజ్యంపై అధికారాన్ని పోప్‌కు ధారపోశాడని చెప్పే దానపత్రం ఒకటి వందల ఏళ్లు చలామణీ అయింది. అది నిజానికి ఎనిమిదో శతాబ్దంలో పుట్టించిన దొంగ పత్రం. ఆ సంగతి 1440లో లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు రుజువు చేశాడు. పత్రంలోని లాటిన్ కాన్‌స్టంటైన్ నాటిది కాదనీ, అప్పటి రోమ్‌లో ఎవరూ వాడని పదవుల పేర్లు అందులో ఉన్నాయనీ ఎత్తిచూపాడు. ఇక్కడ మరిచిపోకూడని విషయం ఒకటుంది. వల్లా కొలువు చేస్తున్నది ఆరగాన్ రాజు అల్ఫాన్సో దగ్గర. ఆ రాజుకు అప్పట్లో పోప్‌తో తగాదా. అంటే వల్లా రాత కూడా రాజకీయానికి పనికివచ్చినదే. అయినా అతని రుజువు నిలిచింది, ఎందుకంటే దాన్ని ఎవరైనా పత్రం ముందు పెట్టుకుని సరిచూసుకోవచ్చు. ఎవరి కోసం రాశాడన్నది ఒక ప్రశ్న. రాసినది పరీక్షకు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. సందేశం ఈ రెంటినీ కలిపేసింది.

శాసనాలు అబద్ధమాడవన్న మాట దగ్గరకు వద్దాం. శాసనం వేయించడానికి డబ్బు, అధికారం కావాలి, కాబట్టి అది మొట్టమొదట వేయించినవాడి మాట. సుమారు క్రీ.పూ. 1274లో ఈజిప్టు రాజు రెండో రామ్‌సెస్ సిరియాలోని కాదెష్ దగ్గర, నేటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్లతో యుద్ధం చేశాడు. సైన్యం వదిలేసి పారిపోతే తానొక్కడే శత్రు రథాలను చెల్లాచెదురు చేశానని అబు సింబెల్, లక్సర్, కర్నాక్ ఆలయాల గోడల మీద చెక్కించుకున్నాడు. హిట్టైట్ల రాజధాని హత్తూసా తవ్వకాల్లో దొరికిన మట్టి పలకలు వేరే కథ చెబుతున్నాయి. యుద్ధం తర్వాత వెనక్కు తగ్గింది ఈజిప్టు సైన్యమే, రెండు రాజ్యాలూ పోటీపడిన అముర్రు ప్రాంతం మళ్లీ హిట్టైట్ల చేతికి వెళ్లింది. రామ్‌సెస్ గోడలొక్కటే మిగిలి ఉంటే ఈ రెండో కథ మనకు తెలిసేదే కాదు.

అశోకుడి విషయం ఇంకా ఆలోచింపజేస్తుంది. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారనీ, లక్షా యాభై వేల మందిని తరలించారనీ, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నాననీ పదమూడో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. కాల్సీ, షాబాజ్‌గఢీల్లో అది ఉంది. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడల్లో లేదు. అక్కడ ఆ స్థానంలో "ప్రజలందరూ నా బిడ్డలు" అనే ప్రత్యేక శాసనాలు వేయించాడు. అశోకుడు అబద్ధమాడాడని నేను అనడం లేదు. దెబ్బ తిన్న ప్రజల ముందు ఏ మాట ఉంచాలో, ఏది ఉంచకూడదో పాలకుడు ఎంచుకున్నాడని మాత్రం నమ్ముతాను. ఒక్క ధౌలి రాయినే చదివి వెళ్లినవారికి ఆ యుద్ధంలో ఎంతమంది పోయారో తెలియదు.

గెలిచినవాళ్లే చరిత్ర రాస్తారన్న మాట ఎంత ప్రసిద్ధమో అంత తప్పు. ప్రాచీన గ్రీసులో ఏథెన్స్, స్పార్టాల మధ్య జరిగిన పెలొపనీషియన్ యుద్ధం గురించి మనకు ఎక్కువగా తెలిసింది థుసిడిడిస్ వల్ల. అతను ఓడిపోయిన ఏథెన్స్ సేనాని, సొంత నగరమే వెలివేసిన మనిషి. మంగోలులు సగం ప్రపంచాన్ని గెలిచారు, వారి చరిత్రను ఎక్కువగా రాసింది వారి ఏలుబడిలోకి వచ్చిన పర్షియన్లు, చైనీయులు. అమెరికా అంతర్యుద్ధంలో 1865లో ఓడిన దక్షిణాది తన కథను గెలిచినవారి కంటే గట్టిగా ప్రచారం చేసుకుంది. యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసమని చెప్పింది. 1894లో ఏర్పడిన దక్షిణాది మహిళల సంఘం ఒకటి ఆ కథను పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించడానికి దశాబ్దాలపాటు పనిచేసింది. దాన్ని ఖండించడానికి ఉత్తరాది పుస్తకాలతో పనిలేదు. 1861లో మిసిసిపీ రాష్ట్రం విడిపోతూ చేసిన ప్రకటనే, తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని చెప్పుకుంది.

అధికారం ముందు తలవంచని రాతగాళ్లు కూడా ఉన్నారు. క్రీ.పూ. 548లో చైనాలోని చీ రాజ్యంలో త్సుయ్ జు అనే మంత్రి రాజును చంపించాడు. "త్సుయ్ జు తన ప్రభువును చంపాడు" అని ఆస్థాన చరిత్రకారుడు రాశాడు. మంత్రి అతన్ని చంపించాడు. అతని తమ్ముళ్లు ఇద్దరు అదే వాక్యం రాసి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మరో తమ్ముడు మళ్లీ అదే రాశాడు. మంత్రి ఇక వదిలేశాడు. ఈ కథను చైనా ప్రాచీన వృత్తాంతాలు భద్రంగా దాచుకున్నాయి. చరిత్ర అంతా గెలిచినవాళ్ల డప్పేనని తేలిగ్గా అనేసేవారు ఆ అన్నదమ్ములను అవమానిస్తున్నారు.

విగ్రహాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1776 జులై 9న న్యూయార్క్‌లో జనం బ్రిటన్ రాజు మూడో జార్జి విగ్రహాన్ని కూల్చి, ఆ సీసంతో తుపాకీ గుళ్లు పోశారు. ఆ రాజును ఎవరూ మరిచిపోలేదు. జర్మనీ కూడళ్లలో హిట్లర్ విగ్రహాలు లేవు, ఆ కాలం గురించి అక్కడి పిల్లలు బడిలో చదువుతూనే ఉన్నారు. విగ్రహం గౌరవానికి గుర్తు. ఎవరిని గౌరవించాలన్నది ప్రతి తరమూ తేల్చుకోవలసిన విషయం. ఏం జరిగిందన్నది పత్రాల్లో, పుస్తకాల్లో ఉంటుంది. అసలు చెరిపివేత అంటే ఆ పత్రాలను కాల్చడం, తాళం వేసి దాచడం.

ఇక చివరి ప్రశ్న. నచ్చింది నమ్ముకుంటే పోయేదేముంది? ఆఫ్రికా దేశం రువాండాలో హుటూలు, టుట్సీలు అని రెండు ప్రధాన వర్గాలున్నాయి. వారిలో టుట్సీలు ఉత్తరాన ఇథియోపియా వైపు నుంచి వచ్చిన వేరే జాతి అని వలస పాలన నాటి యూరోపియన్లు ఒక సిద్ధాంతం అల్లారు. బెల్జియం పాలకులు 1930ల్లో గుర్తింపు కార్డుల మీద హుటూ, టుట్సీ అని అచ్చువేశారు. 1992లో ఒక హుటూ నాయకుడు బహిరంగ సభలో, టుట్సీలను న్యాబరొంగో నది మీదుగా ఇథియోపియాకు పంపించివేస్తామని బెదిరించాడు. 1994లో సుమారు 100 రోజుల్లో లక్షలాది మంది టుట్సీలను చంపారు. శవాలు ఆ నదిలో కొట్టుకుపోయాయి. "ఎప్పుడో ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు" అన్న ఒక పాత కథ అక్కడ మనుషులను చంపడానికి కారణాల్లో ఒకటైంది.

పోలండ్ అనుభవం కూడా ఈ ప్రశ్నకే జవాబు. 1940లో సోవియట్ రహస్య పోలీసులు కాతిన్ అడవిలోనూ ఇతర చోట్లా సుమారు 22,000 మంది పోలిష్ అధికారులను, పౌరులను కాల్చి చంపారు. 1943లో కాతిన్ సమాధులను బయటపెట్టింది నాజీలు, అదీ తమ ప్రచారం కోసం. నేరం జర్మన్లదేనని సోవియట్ ప్రభుత్వం దాదాపు అర్ధ శతాబ్దం బుకాయించింది. నాజీలు చెప్పారు కాబట్టి అబద్ధమని కొట్టిపారేసినవారు ఉన్నారు, తమకు నచ్చిన పక్షం మాటే నిజమని సరిపెట్టుకున్నవారూ ఉన్నారు. చనిపోయినవారి కుటుంబాలు మాత్రం రెండు పక్షాల మాటనూ పక్కనబెట్టి రుజువు కోసం అడుగుతూనే వచ్చాయి. 1990లో మాస్కో నేరాన్ని ఒప్పుకుంది. ఆ కాల్చివేతలకు అనుమతినిస్తూ స్టాలిన్ సంతకంతో ఉన్న 1940 మార్చి 5 నాటి పత్రం నకలును 1992లో పోలండ్‌కు అందజేసింది.